ఇంటిలోను బడిలోను అచ్చు పాఠాల కాగితము

(కామారెడ్డి, ఎల్లారెడ్డి పాస్టరేటుల సండే స్కూలు ఉపాధ్యాయులు, స్త్రీల మైత్రి సభ్యుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటమి వారు నాకు ఇచ్చిన అంశము చూడడానికి చిన్నది. శతవార్షికోత్సవ నిధిలో కొంత సొమ్ముతో ఒక ప్రింటరు కొనాలని, ఇంటర్నెట్టులో దొరికే పాఠాల కాగితములను అచ్చు తీసి సండే స్కూలు పిల్లలకు, ఇంటివద్ద పిల్లలను చదివించుకొనే తల్లులకు పంచాలని ఒక ఆలోచన ఉన్నది. "మీరు ముప్పై ఏండ్లకు పైగా బడిలో పనిచేశారు గదా, ఏ కాగితములు మంచివో చెప్పండి" అని నన్ను అడిగారు. ఏ కాగితము మంచిదో చెప్పాలంటే అది ఏ ఇంటిలోనికి వెళుతుందో, ఆ ఇంటిలో బిడ్డ ప్రక్కన ఎవరు కూర్చుంటారో ముందు చూడాలి. ఈ పూట నేను మాట్లాడేది ముఖ్యముగా దానిని గురించే.

ఒక ఆదివారము ఆరవ తరగతి చదివే కుర్రవాడు ఒకడు కీర్తన చదవడానికి ముందుకు వచ్చాడు. గొంతు చక్కగా ఉన్నది. ఒక్క మాట తప్పలేదు. నేను ముందు వరుసలో ఉన్నాను గనుక అతని వ్రేలు నాకు కనబడింది. నోరు కీర్తన చివరికి వచ్చేసరికి వ్రేలు ఇంకా రెండవ వచనము దగ్గరే ఉన్నది. విని కంఠస్థము చేశాడే గాని చదవలేదు. ఆరాధన అయిన తరువాత చెట్టు క్రిందికి పిలిచి వేరొక పేజీ తీసి ప్రేమగానే అడిగితే తల వంచుకొన్నాడు. కీర్తన మొత్తము చెవితో పట్టుకొన్నవాడు తెలివితక్కువవాడు ఎట్లా అవుతాడు? ఐదు సంవత్సరాలు బడికి వెళ్ళాడు. పరీక్షలు వ్రాశాడు. పై తరగతికి పంపబడ్డాడు. చదవడము రాదన్న సంగతి మాత్రము ఎవరికీ తెలియకుండ దాచుకొంటూ వచ్చాడు. దాచుకోవడానికి అతడు పడిన శ్రమలో సగము చాలు, చదువు వచ్చేది.

ఇటువంటి పిల్లలు ఒక్క మన సంఘములోనే ఉన్నారని కాదు. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుండి టీవీలో పాఠాలు వచ్చాయి, టీ-శాట్‌లోను దూరదర్శన్‌లోను. అవి మూడవ తరగతి నుండి పై పిల్లలకు. మన రాష్ట్రములో ప్రాథమిక తరగతులు తిరిగి తెరిచేసరికి 2021 సెప్టెంబరు అయింది. అంటే అక్షరాలు దిద్దవలసిన వయస్సులో ఏడాదిన్నర పాటు పలక పట్టించేవారు లేరు. ఆ పిల్లలు ఇప్పుడు హైస్కూలులో ఉన్నారు. గ్రామీణ ప్రాంతాలలో ఇంటింటికి వెళ్ళి పిల్లల చదువు చూచే 'అసర్' సర్వే లెక్క ప్రకారము, దేశములో 3వ తరగతి పిల్లలలో 2వ తరగతి పాఠము చదవగలిగినవారు 2018లో నూటికి 27.3, 2022లో 20.5, 2024లో 27.1. తగ్గినది మళ్ళీ పెరిగిందని కొందరు సంతోషించారు. సంతోషించదగినదే. కాని కరోనాకు ముందు కూడ నూరుమందిలో డెబ్బదికి మించి చదవలేకపోయారన్న మాట అందులోనే ఉన్నది. మన రాష్ట్ర ప్రభుత్వము కూడ 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' అని ప్రాథమిక బడులలో చదవడము, లెక్కలు మొదటినుండి నేర్పే పని మొదలుపెట్టింది. బడి తన పని చేస్తుంది. మనము మాట్లాడుకోవలసినది బడి వదిలిన తరువాత ఇంటిలో గడిచే గంటను గురించి.

ఆ గంట మన ఇండ్లలో ఎట్లా గడుస్తుందో మీకు నేను చెప్పనవసరము లేదు. కామారెడ్డి చుట్టుప్రక్కల ఎన్నో ఇండ్లలో తల్లి ఒడిలో బీడీల చాట ఉంటుంది. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. నానమ్మ కట్టెల పొయ్యి దగ్గర ఉంటుంది. పట్టణాలలో 'హోమ్ స్కూలింగు' అని, తల్లిదండ్రులు తామే పాఠాలు ఏర్పరచుకొని పిల్లలను ఇంటివద్దనే చదివించే పద్ధతి ఒకటి వచ్చింది. వారి కొరకే ఈ అచ్చు కాగితములు ఎక్కువగా తయారవుతున్నాయి. తల్లి ఇంగ్లీషు చదువుతుంది, ఇంటిలో ప్రింటరు ఉంటుంది, రంగు పెన్సిళ్ళు డజను ఉంటాయి. ఆ కాగితము ఆ ఇంటికి కుట్టిన చొక్కా. దానిని తెచ్చి మన బిడ్డకు తొడిగితే భుజాలు జారిపోతాయి.

నేను ఈ కూటమి కొరకు కొన్ని అచ్చు తీయించి చూచాను. ఒకదానిలో 'ఐ' అక్షరానికి ఇగ్లూ బొమ్మ ఉన్నది, మంచుగడ్డలతో కట్టుకొనే ఇల్లు. ఇంకొకదానిలో సంవత్సరానికి నాలుగు ఋతువులు, అందులో ఒకదానికి మంచు మనిషి. మన పంచాంగములో ఋతువులు ఆరు. మన పొలములో కాలాలు మూడు, ఎండాకాలము, వానాకాలము, చలికాలము. నాలుగు ఎక్కడినుండి వచ్చాయని బిడ్డ అడిగితే తల్లి ఏమి చెబుతుంది? తెలుగు కాగితములు కూడ చూచాను. కొన్నింటిని యంత్రముతో అనువాదము చేశారని చదువగానే తెలిసిపోతుంది. ఇంకొన్నింటిలో ఒత్తులు విరిగిపోయాయి. 'అమ్మ' అని ఉండవలసినచోట 'అమ్‌మ' అని అచ్చయింది. ఆ మొదటి మాటే విరిగిన కాగితమును బిడ్డ చేతికి ఇవ్వకండి. బొమ్మ ఎంత అందముగా ఉన్నా సరే.

బొమ్మలు దండుగ అనడము లేదు. బొమ్మతో అక్షరము నేర్పడము పాత పద్ధతే. జాన్ కొమేనియస్ అనే సంఘ బిషప్పు, మతయుద్ధాలలో సొంత ఊరు పోగొట్టుకొని దేశాలు తిరిగినవాడు, 1658లో పిల్లల కొరకు బొమ్మల పాఠపుస్తకము అచ్చు వేయించాడు. బొమ్మలో ప్రతి వస్తువుకు ఒక అంకె, ప్రక్కన అదే అంకెతో దాని పేరు. అంతకు ముందునుండే ఇంగ్లండులో పిల్లలకు ఒక్క కాగితమే పుస్తకము. చిన్న చెక్కకు ఆ కాగితమును అంటించి, దానిమీద పలుచగా తీసిన పశువు కొమ్ము రేకు కప్పేవారు. అక్షరాలు, ప్రభువు ప్రార్థన అందులో ఉండేవి. పిల్లల చేతి మురికి అంటకుండ, పదిమంది పిల్లలు మారినా కాగితము చిరగకుండ ఉండేది. మనము ఇప్పుడు జిరాక్సు దుకాణములో లామినేషన్ చేయించేది ఆ కొమ్ము రేకు పనినే.

సండే స్కూలు మాట కూడ ఇక్కడ ఒకటి చెప్పాలి. 1780లో గ్లాస్టరు పట్టణములో రాబర్ట్ రెయిక్స్ ఆదివారపు బడి పెట్టించినది వారమంతా పనిచేసే బీద పిల్లలకు చదవడము నేర్పడానికే. రెయిక్స్ వృత్తి ఏమిటంటే అచ్చు పని. తండ్రినుండి వచ్చిన వార్తాపత్రికను, అచ్చుకూటమును నడిపినవాడు. సండే స్కూలులో చదవడము నేర్పితే అది బడిపంతులు పని గదా, మనకెందుకు అని మన ఉపాధ్యాయులలో ఒకరు క్రిందటి నెలలో అన్నారు. దానికి జవాబు ఇదే. అది మొదటినుండి మన పనే.

ఆ కాలములోనే ఇంకొక సంగతి మన దక్షిణదేశములో జరిగింది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమమును చూచుకొనే ఆండ్రూ బెల్, అరుగు బడిలో పిల్లలు ఇసుకమీద వ్రేలితో అక్షరాలు దిద్దడము చూచాడు. కాగితము లేదు, సిరా లేదు, తప్పు వస్తే అరచేతితో తుడిచివేయడమే. తన బడిలో అదే పెట్టాడు. ముందు నేర్చిన పిల్లవాడే వెనుకవానికి నేర్పాలన్నాడు. 1797లో లండనులో దానిని గురించి పుస్తకము అచ్చు వేశాడు. అదే దారిలో జోసెఫ్ లాంకాస్టరు అనే ఆయన, పుస్తకము పేజీలను పెద్ద అక్షరాలతో ఒక ప్రక్కనే అచ్చు వేసి, అట్టలకు అంటించి గోడకు వ్రేలాడదీశాడు. ఒక్కొక్క అట్ట ముందు ఒక జట్టు నిలబడి చదివి, తరువాత అట్ట దగ్గరికి జరిగేది. ఒక్క పుస్తకముతో బడి అంతా చదివింది. ఆ బడులలో పిల్లలను మరలాగ త్రిప్పారన్న విమర్శ ఉన్నది, అది నిజమే. కాని పిల్లవానికి ఒక్కొక్క కాగితము చొప్పున లెక్కవేసి, సిరా ఖర్చు చూచి భయపడుతున్న మన కమిటీవారు ఆ గోడ అట్టలను జ్ఞాపకము చేసుకోవాలి. నలభైమంది పిల్లలకు నలభై కాగితములు అక్కరలేదు, చాలాసార్లు ఐదు చాలు.

మన తెలుగు నేలమీదనే ఈ పనిని అందరికంటె శ్రద్ధగా చేసినది మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వారు. చుట్టుప్రక్కల పల్లెలలో ఒకే గది, ఒకే పంతులు, ఐదు తరగతుల పిల్లలు ఉండే చిన్న బడులు పెట్టారు. అక్కడ ఒక పుస్తకము అందరికీ ఒకే వేగముతో నడవదు గదా. గనుక పుస్తకమును విడదీసి వందల కార్డులు చేశారు. పద్మనాభరావుగారు, రమగారు అనే దంపతులు 1980ల నుండి దానిమీద పనిచేశారు. ప్రతి కార్డుకు ఒక గుర్తు, ఒక జంతువు బొమ్మో పక్షి బొమ్మో. గోడమీద నిచ్చెనలాంటి పటము. బిడ్డ తాను ఏ మెట్టుమీద ఉన్నదో తానే చూచుకొని, ఆ గుర్తుగల కార్డు తానే తెచ్చుకొంటుంది. కొన్ని కార్డులకు పంతులు కావాలి, కొన్ని తోటి పిల్లలతో చేయవచ్చు, కొన్ని ఒంటరిగా. జ్వరము వచ్చి వారము రోజులు మానిన బిడ్డ, పత్తి ఏరడానికి వెళ్ళిన బిడ్డ, తిరిగి వచ్చి తాను విడిచిన మెట్టుమీదనే కాలు పెడుతుంది. 1995లో కర్ణాటకలో హెగ్గడదేవనకోట ప్రాంతములో 'నలి-కలి' అనే పేరుతో ఇదే పద్ధతి మొదలై ఆ రాష్ట్రమంతటికి వ్యాపించింది. తమిళనాడు కూడ తీసుకొన్నది. నాకు అందులో ఎక్కువ నచ్చినది కార్డుల అందము కాదు. ఆ బొమ్మలు ఆ కొండలలో తిరిగే జంతువులవే, ఆ కథలు ఆ పల్లెలలో చెప్పుకొనేవే. కార్డు ఇంటికి వెళితే తాతకు కూడ మాట్లాడడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇప్పుడు మన బస్టాండుకు రండి. ఆర్టీసీ బస్సు బోర్డుమీద 'కామారెడ్డి – ఎల్లారెడ్డి' అని వ్రాసి ఉంటుంది. క్రిందటి సంవత్సరము ఎల్లారెడ్డి వైపు ఒక పల్లెలో ఐదవ తరగతి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళాను. చదవడము రాదు. తల్లి బీడీలు చుడుతూ, "సారూ, నాకే సదువు రాదు, నేనేం జెప్తా? మీరే గింత జెప్పున్రి" అన్నది. నేను ఒక కాగితముమీద ఆ రెండు ఊర్ల పేర్లు పెద్దగా వ్రాసి ఆమెకు చూపాను. చూడగానే, "గిది మా బస్సు బోర్డు గదా" అన్నది. చదువు రాని ఆ తల్లి ఆ రెండు మాటలను గుర్తుపట్టింది. నెలకు నాలుగుసార్లు ఆ బస్సు ఎక్కుతుంది, ఏది కామారెడ్డో ఏది ఎల్లారెడ్డో ఆమెకు తెలుసు. బిడ్డ తప్పు చదివితే, "కాదు బిడ్డా, గది ఎల్లారెడ్డి" అని దిద్దగలదు. ఆ కాగితము దగ్గర ఆమెకు చెప్పడానికి ఉన్నది. ఇగ్లూ దగ్గర ఆమెకు ఏమీ లేదు.

ఆ రెండు పేర్లలో ఎంత పాఠము ఉన్నదో చూడండి. కా-మా-రె-డ్డి. ఎ-ల్లా-రె-డ్డి. రెండింటి తోక ఒకటే. కత్తిరించి కలిపివేస్తే బిడ్డ 'రెడ్డి'ని రెండుసార్లు వెదికి పట్టుకొంటుంది. 'కా'లోను 'మా'లోను ఉన్న దీర్ఘము ఒకటే అని తానే చూస్తుంది. 'ల్లా'లో ల క్రింద ల, 'డ్డి'లో డ క్రింద డ. ఒత్తు అంటే ఏమిటో వేరే పాఠము చెప్పనవసరము లేదు. మరునాడు 'మాచారెడ్డి' వ్రాసి ఇస్తే, ఒక్క 'చా' తప్ప అంతా తెలిసినదే. ఆ తరువాత 'నాగిరెడ్డిపేట'. ఇక్కడ రెడ్డి నడుమ దాగి ఉన్నది, వెదకాలి. ఆ 'పేట' పట్టుకొంటే 'లింగంపేట' వస్తుంది, సున్న రెండుసార్లు. 'దోమకొండ' అన్నప్పుడు పిల్లలు నవ్వుతారు. దోమను, కొండను విడదీసి రెండు బొమ్మలు వేయమనండి. 'బాన్సువాడ' కొంచెము కష్టము, దానిని చివరికి ఉంచండి. ఇవన్నీ ఆ బిడ్డ చెవికి తెలిసిన మాటలే. కన్నుకు మాత్రమే క్రొత్త.

వర్ణమాల వరుస ప్రకారము నేర్పవద్దా అని కొందరు పెద్దలు అడుగుతారు. పెద్దబాలశిక్ష దగ్గర కూర్చుని నేర్చినవారు, వారి మాటకు విలువ ఇవ్వాలి. నిజాము కాలములో సర్కారు బడులలో పై చదువు ఉర్దూలోనే ఉన్న రోజులలో, మన ప్రాంతపు ఇండ్లలో తెలుగు నిలిచినది అటువంటి పుస్తకాల వలన, మిషను బడుల వలన. వరుస రావాలి, నిఘంటువు చూడడానికి అది లేకపోతే కుదరదు. కాని మొదటి నెలలో 'ఌ', 'ఙ', 'ఞ' దిద్దించి బిడ్డ చెయ్యి నొప్పి పెట్టించడములో లాభము నాకు కనబడలేదు. ల, త, క, ప, వ, ర – ఈ ఆరింటికి 'అ' కలిపితే తల, కల, వల, పలక, అరక. మొదటి వారములోనే ఐదు మాటలు చదివిన బిడ్డ రెండవ వారము తానే కాగితము అడుగుతుంది. 'ప', 'వ' ఒకే పోలికగా ఉంటాయి గనుక ఆ రెండింటిని మాత్రము ఒకే రోజు ఇవ్వకండి.

లెక్కలకు ప్రత్యేకముగా కాగితము కొనవలసిన పనే లేదు. కట్టకు 25 బీడీలు. నలభై కట్టలైతే వెయ్యి. వెయ్యికి ఇంత అని కూలి. పనికిరావని ఏరి పారేసినవి పోగా మిగిలినది. ఆ తల్లికి ఈ గుణకారము, తీసివేత, శాతము అన్నీ వ్రేళ్ళమీద ఉన్నాయి. కాగితము మీద లేవు. బిడ్డకు కాగితము మీద ఉన్నాయి, అర్థము లేదు. ఒక పత్రము ఇట్లా గీయండి: ఎడమ ప్రక్క రోజులు, కుడి ప్రక్క మూడు గళ్ళు – చుట్టిన కట్టలు, తీసివేసినవి, లెక్కకు వచ్చినవి. వారము చివర బిడ్డ కూడాలి, తల్లి సరిచూడాలి. ఒక ఇంటిలో ఆ కాగితము పెట్టిన మూడవ వారము, కూలి లెక్కలో పొరపాటును ఏడవ తరగతి అమ్మాయి పట్టుకొన్నది. పిల్లను బీడీలకు కూర్చోబెట్టమని నేను చెప్పడము లేదు, ఆ మాట ఎవరూ పొరపాటుగా తీసుకోకండి. చాట తల్లి ఒడిలోనే ఉండాలి, కాగితము బిడ్డ ఒడిలో ఉండాలి.

దుబాయి తండ్రుల సంగతి ఒకటి. వారు ఫోనులో బొమ్మలు పంపుతారు, వీడియోలు పంపుతారు. ఒక తండ్రిని నేను అడిగాను: వారానికి నాలుగు వరుసలు నీ చేతితో కాగితముమీద వ్రాసి ఫోటో పంపు, ఈ రోజు ఏమి తిన్నావు, ఎంత ఎండ కాసింది, నీ గదిలో ఎంతమంది ఉంటారు, అంతే. "నా రాత మంచిగుండది సారూ" అన్నాడు. ఉండకపోయినా ఫరవాలేదన్నాను. తల్లి ఆ ఫోటోను జిరాక్సు దుకాణములో అచ్చు తీయించింది. ఆ బిడ్డ బడి పుస్తకము ముట్టనివాడు, ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని తిరిగాడు. మొదటి వారము నానమ్మ ఊహించి చెప్పింది, రెండవ వారము వాడు 'అన్నం', 'ఎండ' అనే మాటలు పట్టుకొన్నాడు. అరబ్బు దేశములో తండ్రి గదిలో ఎనిమిదిమంది ఉంటారని వాడు చదివి చెప్పినప్పుడు ఆ ఇంటిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అది వారికి అంతవరకు తెలియదు. తండ్రికి ఫోనులో చెప్పడానికి నోరు రాలేదేమో. ఇటువంటి కాగితమును ఏ దేశమువారు తయారుచేసి ఇంటర్నెట్టులో పెట్టగలరు?

బిడ్డకు ఎంతవరకు వచ్చునో తెలుసుకోవడానికి కూడ ఒక్క కాగితము చాలు. ఇందాక చెప్పిన అసర్ వారు ఇంటింటికి తీసుకొని వెళ్ళేది అదే. దానిమీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాల ఒక చిన్న పాఠము, దానికంటె కొంచెము పెద్ద కథ ఉంటాయి. ముందు నాలుగు వాక్యాలు చదవమంటారు. చదివితే కథకు వెళతారు, చదవలేకపోతే మాటలకు దిగుతారు, అదీ కాకపోతే అక్షరాలకు. ఐదింటిలో నాలుగు చెప్పగలిగితే ఆ మెట్టు వచ్చినట్టే. రెండు మూడు నిమిషాల పని. మన సండే స్కూలులో ప్రతి బిడ్డకు ఈ నెల చివరిలోగా ఇది జరగాలని నా కోరిక. అయితే అందరి ముందు కాదు. ఒక్కొక్కరిని చెట్టు క్రిందికి పిలిచి. మార్కులు వేయవద్దు, తల్లిదండ్రులకు ఫిర్యాదు చేయవద్దు. ఆ బిడ్డ పేరు ప్రక్కన ఏ మెట్టో వ్రాసుకొని, ఆ మెట్టుకు తగిన కాగితము ఇవ్వండి. ఎనిమిదవ తరగతి బిడ్డకు అక్షరాల కాగితము ఇవ్వవలసి వస్తే దానిమీద 'ఒకటవ తరగతి' అని అచ్చు ఉండకుండ చూడండి. ఆ ఒక్క వరుస వలన బిడ్డ మళ్ళీ రాకపోవచ్చు.

ఇంటర్నెట్టు వలన లాభమే లేదా అంటే, ఉన్నది. ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్' 2015లో మొదలైంది. అందులో తెలుగు కథలు మెట్టు ప్రకారము ఉన్నాయి, మొదటి మెట్టులో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. వ్రాసినవారి పేరు ఉంచి ఎవరైనా అచ్చు తీసి పంచుకోవచ్చునని వారే అనుమతి ఇచ్చారు. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' వారు పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు వేస్తున్నారు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు కూడ ప్రభుత్వము వారి వెబ్‌సైటులో దొరుకుతాయి. 2022-23 నుండి ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఇంగ్లీషుతో వచ్చిన పుస్తకాలు తల్లిదండ్రులకు ఎంతో ఉపయోగము. అనుమతి లేని పుస్తకాలను పేజీలు పేజీలుగా జిరాక్సు తీసి పంచడము మాత్రము సంఘము పేరుమీద జరగకూడదు.

ఇంటివద్దనే చదివించడము చట్టప్రకారము తప్పా అని ఒక సోదరి చీటి పంపారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది, 6 నుండి 14 ఏండ్ల బిడ్డకు బడి హక్కు ఇస్తుంది. ఇంటి చదువు చెప్పే తల్లిదండ్రులకు అందులో శిక్ష ఏదీ వ్రాసి లేదు. పదవ తరగతి సార్వత్రిక పాఠశాల ద్వారా వ్రాయవచ్చు. అయినా నా సలహా, మన ప్రాంతములో బిడ్డను బడి మాన్పించకండి. మధ్యాహ్న భోజనము, తోటి పిల్లలు, ఆటస్థలము కాగితముమీద అచ్చు కావు. ఇంటి చదువు బడికి తోడు కావాలి.

ఫిలిప్పీన్స్ దీవులలో 1930లో ఫ్రాంక్ లాబాక్ అనే మిషనరీ పెద్దవారికి చదువు చెప్పడానికి చార్టులు చేశాడు. డబ్బు లేక పంతుళ్ళను తీసివేయవలసి వచ్చినప్పుడు, నేర్చిన ప్రతివాడు ఇంకొకరికి నేర్పాలని అక్కడి పెద్ద ఒకరు పట్టుబట్టారట. ఆ తరువాత ఆయన మన దేశానికి కూడ వచ్చి అనేక భాషలలో అటువంటి పాఠాలు తయారుచేయడానికి సహాయపడ్డాడు. దీనినిబట్టి నేను కమిటీవారికి ఒక మాట చెబుతాను. ప్రింటరు కొనండి. రంగులది వద్దు, నలుపు సిరాది చాలు. సిరా సీసాతో పోసుకొనేదైతే ఖర్చు తక్కువ. మిగిలిన సొమ్ముతో లామినేషన్ యంత్రము, తుడిస్తే పోయే స్కెచ్ పెన్నులు, ఒక మంచి కత్తెర. అక్షరము కందిగింజంత కాదు, చింతగింజంత ఉండాలి. ఒక కాగితమును ఎనిమిది మడతలు పెట్టి నడుమ ఒక్క గాటు పెడితే కుట్టు, జిగురు లేకుండ ఎనిమిది పుటల పుస్తకము అవుతుంది. దానిని యౌవనస్థులు ఇప్పుడే మీకు చేసి చూపిస్తారు.

కాగితము తీసుకొనే ప్రతి ఇంటినుండి ఒకరి పేరు వ్రాసుకోవాలన్నది నా షరతు. తల్లి కావచ్చు, నానమ్మ కావచ్చు, ఇంటర్మీడియట్ చదివే అక్క కావచ్చు. ప్రక్కన కూర్చోవడానికి ఒక పేరు లేని ఇంటికి కాగితము పంపవద్దు. ఆ ఇంటికి ముందు మనలో ఒకరు వెళ్ళాలి. అటువంటి ఇండ్లు కామారెడ్డిలో ఎన్ని, ఎల్లారెడ్డిలో ఎన్ని అని స్త్రీల మైత్రి వారు ఈ నెలలో లెక్క తీస్తామన్నారు.

ఊర్ల పేర్ల పత్రము, కట్టల లెక్క పత్రము, నాలుగు మెట్ల పరీక్ష పత్రము ఒక్కొక్కటి ముప్పై నకళ్ళు వెనుక బల్లమీద ఉంచాను. పేర్లు వ్రాసే పుస్తకము కూడ అక్కడే ఉన్నది. ఎల్లారెడ్డి వారికి సాయంకాలపు బస్సు అందాలి గనుక వారు ముందు వచ్చి తీసుకొనగలరు. కామారెడ్డి వారము కొంచెము ఆగుదాము.